మండలి ముద్ర పడిన మనిషి

“అది గీత కాదు, నీడ” అన్నాడు గంగాధరం నాలుగోసారి.

“నీడకి నా నాలుక మీద రుచి పోతుందాండీ?” అంది శేషారత్నం అయిదోసారి.

పావుగంట నుంచీ ఇదే గొడవ. భోజనాల బల్ల మీద ఇడ్లీల గిన్నెకీ కారప్పొడి సీసాకీ మధ్య కోవిడ్ కిట్టు పడి ఉంది. దాని మీద మొదటి గీత కుంకుమలా స్పష్టంగా ఉంది. రెండోది కొంచెం పలచగా ఉంది. గంగాధరం దాన్ని కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చూశాడు. కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి వెలుగులో చూశాడు. ముప్పయ్యేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయిన మనిషాయన. పరీక్ష పేపర్లో సగం మార్కు కూడా ఊరికే వేసిన పాపాన పోలేదు.

“గీతంటే గీతలా ఉండాలి. ఇలా ఉంటే నేను మార్కు వెయ్యను.”

“మీరు మార్కు వెయ్యకపోయినా నాకు ఒళ్ళు కాలిపోతోంది.”

“అసలు నీకు ఎలా వస్తుందే? నీకు వచ్చేసిందిగా!”

వరండాలో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అత్తగారు మాణిక్యాంబ అక్కణ్ణుంచే కొడుకును బలపరిచింది. “ఆటలమ్మ ఒకసారి పోసిందంటే మళ్ళీ పొయ్యదే రత్నం. ఇదీ అంతే. అనవసరంగా బెంగెట్టుకోకు.”

“ఇది ఆటలమ్మ కాదు నానమ్మా” అంది కూతురు లిఖిత. డిగ్రీలో మైక్రోబయాలజీ చదువుతోంది గనక ఇంట్లో ఆ పిల్ల మాట ఎవరూ వినరు. “ఇది జలుబు వంశం. వేషం మార్చుకుని మార్చుకుని వస్తుంది. అమ్మ ఒంటికి పాత వేషం గుర్తుంటుంది గాని, ఆ గుర్తు కూడా రాను రాను మసకబారుతుంది. కొత్త వేషాన్ని పోల్చుకునేలోపు అది లోపలికొచ్చి మఠం వేసుక్కూర్చుంటుంది. మొదటిసారంత చితక్కొట్టకపోవచ్చు. అసలు రాదని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేదు.”

“ఎవరూ ఇవ్వకపోవడమేంటి? మీ అమ్మ ఆఫీసు ఇచ్చిందిగా!” అని గంగాధరం గోడ వైపు వేలు చూపించాడు.

గోడ మీద, సత్యనారాయణస్వామి పటానికీ గడియారానికీ మధ్య, అద్దం బిగించిన ధ్రువపత్రం వేలాడుతోంది.

నిజానికి ఆ రెండో గీత ఆ ఇంట్లో ఎవరికీ పనికొచ్చేది కాదు. ఆదివారం రావులపాలెం నుంచి గంగాధరం అక్కగారు ఇందుమతి కుటుంబమంతా భోజనానికి వస్తున్నారు. ఆవపెట్టిన పనసపొట్టు కూర చెయ్యాలి. ఆ కూర శేషారత్నం చేస్తేనే కూర. వారం మొదట్లో ఇలాంటి గీతలు ఒప్పుకుంటే వారం చివర కూర ఎలా వస్తుంది?

శేషారత్నం మాస్కు మూతికి తగిలించుకుంది. అత్తగారికి ఉబ్బసం. అందుకని నిన్నటి నుంచే ఆవిడ గదిలోకి వెళ్ళడం మానేసింది. క్యారేజీ తీసుకుని, సెలవు చీటీ రాసుకుని, ఆఫీసుకు బయల్దేరింది. డాక్టరు గారు అయిదు రోజులు కదలకుండా పడుకోమన్నారు. మొదటిసారి వచ్చినప్పుడు పద్నాలుగు రోజులకే లేచి పనిలో పడితే ఆరునెలల పాటు మెట్లెక్కినప్పుడల్లా ఆయాసం వచ్చింది. ఈసారి అలా కాకూడదు. ఆమెకు కావలసింది అయిదే అయిదు రోజుల పడక. అంతకుమించి ఒక్క పూట కూడా అక్కర్లేదు.

గోడ మీది ఆ ధ్రువపత్రం సంగతి చెప్పాలంటే ముందు తాళ్ళ సంగతి చెప్పాలి.

శేషారత్నం అమలాపురంలో కొబ్బరిపీచు నాణ్యతా మండలిలో సీనియర్ అసిస్టెంటు. ఊళ్ళో పేనిన తాళ్ళన్నీ అక్కడికి వస్తాయి. లాగి చూసి, తెగకపోతే చుట్టకు ఒక బిళ్ళ కట్టి ‘గట్టితాడు, మొదటి శ్రేణి’ అని ముద్ర కొడతారు. ఒకసారి ముద్ర పడిన తాడును తిరిగి పరీక్షించరాదని మండలి నిబంధన పద్నాలుగు. మళ్ళీ పరీక్షిస్తే మొదటి పరీక్షను అనుమానించినట్టవుతుందని దాని భావం. ఆ తర్వాత తాడు తెగితే, ‘లాగినవారి దోషం’ అని రాసి ఫిర్యాదు వెనక్కి పంపుతారు. ఒకసారి ఓ పడవ సరంగు తెగిపోయిన మోకు ముక్కలు రెండూ పట్టుకొచ్చి కార్యదర్శి గారి బల్ల మీద పెట్టాడు. ఆయన రెండు ముక్కలనూ విడివిడిగా లాగి చూసి, రెండూ గట్టిగానే ఉన్నాయని ధ్రువీకరించి పంపేశారు.

ఆ కార్యదర్శి డాక్టర్ పినాకపాణి గారు. పేరు ముందు డాక్టరు ఉంది గాని, అది పీచు నానబెట్టే పద్ధతుల మీద వచ్చిన డాక్టరేటు. ఈ తేడా ఆఫీసులో ఆయనకు తప్ప అందరికీ తెలుసు.

కోవిడ్ రెండో వేవ్ తగ్గగానే ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. కోవిడ్ వచ్చి లేచినవాళ్ళు అంటే ఏమిటి? లాగి చూసినా తెగనివాళ్ళు. తెగనివాటికి ఏం చేస్తాం? ముద్ర కొడతాం. అంతే, పదకొండు మందికి ‘శాశ్వత రోగనిరోధక ధ్రువపత్రం’ ఇచ్చారు. కొత్త ముద్ర చేయించాలంటే టెండరు పిలవాలి గనక ఉన్న ముద్రే కొట్టారు. అంచేత శేషారత్నం ఇంటి గోడ మీది కాగితంలో ‘పేరు: బి. శేషారత్నం. శ్రేణి: మొదటి. గుణం: తెగదు’ అని ఉంటుంది. మొట్టమొదటి పత్రం కార్యదర్శి గారే తీసుకున్నారు.

ఆ పదకొండు మందీ దృఢవర్గం అయ్యారు. తక్కిన పదిహేను మందీ కోమలవర్గం. ‘జనం దగ్గే కిటికీ’ దగ్గర దృఢవర్గం కూర్చోవాలి. పీచు నానే గుంటల తనిఖీకి దృఢవర్గం వెళ్ళాలి. కోమలవర్గంలో ఎవరికి నలతగా ఉన్నా వాళ్ళ ఫైళ్ళు దృఢవర్గం చూడాలి. దృఢవర్గానికి జ్వరం, దగ్గు, రుచి పోవడం అనే కారణాల మీద సెలవు చెల్లదు. వాళ్ళు మాస్కు పెట్టుకుంటే మండలి ముద్రను శంకించినట్టు. సెలవు లేకుండా మానేస్తే సర్వీసు తెగినట్టు.

ఇదంతా చూసి కోమలవర్గం తెలివి తెచ్చుకుంది. తర్వాతి సంవత్సరాల్లో వాళ్ళకు కోవిడ్ రాకపోలేదు. ఒకరికి రెండుసార్లు, ఒకరికి మూడుసార్లు కూడా వచ్చింది. కాని ఎవరూ ఆ పేరు ఎత్తలేదు. ఒకరు అజీర్ణం అన్నారు, ఒకరు నడుం పట్టేసిందన్నారు. రికార్డుల ప్రకారం మండలిలో రెండో వేవ్ తర్వాత ఒక్క కేసు లేదు. అందుకు ‘కోవిడ్ రహిత కార్యాలయం’ అని ఒక షీల్డు వచ్చింది. దాన్ని అందుకున్న రోజున హాల్లో సగం మంది దగ్గుతూనే చప్పట్లు కొట్టారు.

ఇంట్లో ఎవరూ ఉత్తర్వు జారీ చెయ్యలేదు గాని, పద్ధతి అదే. గంగాధరానికి వచ్చినప్పుడు గదిలోకి కంచం పట్టుకెళ్ళింది శేషారత్నమే, “నీకు వచ్చేసిందిగా” అని. అత్తగారికి వచ్చినప్పుడు తడిగుడ్డ వేసిందీ ఆమే. రావులపాలెంలో వదినగారింట్లో నలుగురికీ ఒకేసారి వస్తే, “మా రత్నానికి వచ్చేసిందిలే అక్కా, పంపిస్తున్నా” అని గంగాధరం ఫోన్లోనే మాటిచ్చి బస్సెక్కించాడు.

సెలవు చీటీ చూసి సూపరింటెండెంటు జోగారావు కుర్చీ రెండడుగులు వెనక్కి జరుపుకున్నాడు. కుర్చీ జరిపాడు గాని నిబంధన జరపలేదు.

“కారణం కోవిడ్ అని రాశారేంటండీ మేడమ్?”

“కోవిడ్ వచ్చింది గనకండి.”

“ఆయ్. కాని మీది అయిపోయింది కదండీ.” రిజిస్టరు తెరిచి చూపించాడు. “ఇదిగోండి మీ పేరు. దీని ఎదురుగా కోవిడ్‌కి గడి ఒక్కటే ఉంది. అది నిండిపోయింది. రెండోది ఎక్కడ రాయమంటారు, నా నెత్తి మీదా?”

“కిట్టులో వచ్చిందండీ.”

“కిట్టుకేం తెలుసండీ మన నిబంధనలు?” అని గొంతు తగ్గించాడు. “నా మాటినండి. టైఫాయిడ్ రాయండి. టైఫాయిడ్ గడి ఖాళీగా ఉంది.”

“నాకు టైఫాయిడ్ లేదండీ.”

“ఉండక్కర్లేదండీ. గడి ఖాళీగా ఉంటే చాలు.”

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ రిజిస్టర్లు రాస్తున్నది శేషారత్నమే. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క అబద్ధం లేదు. పైగా టైఫాయిడ్ అని రాస్తే పక్క సీట్లవాళ్ళు జాగ్రత్తపడరు. “నేను రాసిందే ఉంచండి” అంది.

“మీ ఇష్టం. అయితే పైకి పంపాలి. పైన ఆయన చదువుతారు, అదే భయం.”

కార్యదర్శి గారు చదివారు. పిలిపించారు. ఏసీ గది, తలుపులూ కిటికీలూ బిగించి ఉన్నాయి.

“సదరు ఉద్యోగిని గతంలో ఒకసారి వ్యాధిగ్రస్తురాలై, స్వస్థురాలై, మండలిచే ధ్రువీకరింపబడి ఉన్నది. అవునా?”

“అవునండీ. నేనే కదండీ.”

“మీరే. ఇప్పుడు సదరు ఉద్యోగిని వ్యాధి పునరావృతమైనదని వాదిస్తున్నది. అంటే ముద్ర తప్పని వాదిస్తున్నది.”

“ముద్రని ఏమీ అనట్లేదండీ. దగ్గొస్తోందంటున్నాను.” అనేసరికి నిజంగానే దగ్గొచ్చింది. మోచేతిలోకి దగ్గింది.

“ఆ మాస్కు తీయండమ్మా. అధికారి ఎదుట ముద్రకు అవమానం.”

“మీ మంచి కోసమేనండీ.”

“నాకు ఒకటో నంబరు పత్రం ఉంది” అన్నారు పినాకపాణి గారు గంభీరంగా. మాస్కు ఆమె తియ్యలేదు. ఆయన దాన్ని నోట్ చేసుకున్నారు. “మీకు రెండే మార్గాలు. మొదటిది, పూర్వ కోవిడ్‌ను రద్దు కోరుతూ దరఖాస్తు. అప్పుడు ఇది మొదటిదవుతుంది, సెలవు లభిస్తుంది. కాని పూర్వం తీసుకున్న పద్నాలుగు రోజులు అక్రమ గైర్హాజరు అవుతాయి. లేని వ్యాధికి పత్రం పొందినందుకు సంజాయిషీ ఇవ్వాలి.”

“రెండోదండీ?”

“బలపరీక్షా సంఘం.”

మంగళవారం సంఘం కూర్చుంది. కార్యదర్శి గారు, జోగారావు, తాళ్ళు లాగే ఇంజనీరు కామరాజు. మనుషుల కోసం వేరే ఫారం లేదు గనక తాళ్ళ ఫారమే తీశారు. కిటికీ తెరవమని శేషారత్నం అడిగింది. దృఢవర్గం వల్ల గాలి చెడే అవకాశం లేదని కార్యదర్శి గారు కొట్టిపారేశారు. ఆయన కుర్చీ మరింత దగ్గరికి లాక్కున్నారు, ముద్ర మీద నమ్మకంతో.

“పొడవు?” అన్నాడు కామరాజు.

“అయిదడుగుల రెండంగుళాలండీ.”

“నీటిలో నానినపుడు ఉబ్బునా?”

“కాళ్ళు ఉబ్బుతాయండీ, సాయంత్రానికి.”

“భారము వేసినపుడు సాగునా?”

ఇంట్లో నలుగురి పనీ ఆఫీసులో పదిహేను మంది ఫైళ్ళూ గుర్తొచ్చాయి శేషారత్నానికి. “సాగుతూనే ఉందండీ ఇన్నాళ్ళూ” అంది.

కామరాజు ‘సాగును’ అని రాసుకున్నాడు. “తెగుటకు ముందు శబ్దము చేయునా?”

ఆమె దగ్గింది. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. జోగారావు బల్ల కిందికి చూడసాగాడు.

“శబ్దము చేయును” అన్నాడు కామరాజు నెమ్మదిగా. “సార్, ఇక్కడ ఫారంలో ‘శబ్దము చేసినచో వెంటనే భారము తీసివేయవలెను’ అనుందండి.”

“అది ముద్ర పడని తాళ్ళకు” అన్నారు కార్యదర్శి గారు.

రెండు గంటల పరీక్ష తర్వాత సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. ‘తాడు దృఢమైనది. లోపము లాగుటలో ఉండవచ్చును. ఎవరు లాగుచున్నారో విచారించుట మండలి పరిధిలోనిది కాదు.’ సెలవు నిరాకరించబడింది. మానేస్తే ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు తెగుతుందని కింద ఎర్ర సిరాతో రాశారు.

శేషారత్నం తన కుర్చీ వరండాలోకి లాక్కుని, అందరికీ దూరంగా, గాలి తగిలేచోట కూర్చుని బుధవారమూ గురువారమూ ఫైళ్ళు చూసింది. ఇంటికెళ్ళి మాస్కుతోనే వండింది. “చూశావా, నువ్వు లేచి తిరుగుతున్నావంటే అది నీడే” అన్నాడు గంగాధరం. గురువారం సాయంత్రం మేడ మెట్లు ఎక్కుతూ సగంలో కూర్చుండిపోయింది. ఆ ఆయాసం ఆమెకు తెలిసిందే. పాత చుట్టం.

శుక్రవారం ఆఫీసు గేటు తీసేసరికి లోపల ఎవరూ లేరు. తక్కినవాళ్ళంతా అజీర్ణమనీ నడుంనొప్పనీ ఫోన్లోనే చెప్పేశారని, వాచ్‌మన్ పోలయ్య మూడు కాగితాలు చేతిలో పెట్టాడు. జోగారావుకు టైఫాయిడ్. కామరాజుకు మలేరియా, ఆ గడి కూడా ఖాళీగానే ఉందట. మూడోది కార్యదర్శి గారి ఉత్తర్వు. ‘కార్యదర్శి నేటి నుంచి వారం దినములు స్వగృహ క్షేత్రపర్యటనలో ఉందురు. ఈ కాలంలో సమస్త బాధ్యతలూ అధికారాలూ, హాజరులో ఉన్న ఏకైక దృఢవర్గ ఉద్యోగిని శ్రీమతి బి. శేషారత్నం నిర్వహించవలెను.’

ఆమె ఫోన్ చేసింది. అవతల గొంతు గరగరలాడింది.

“సార్, మీకూ దగ్గొస్తోందా?”

“దగ్గు కాదమ్మా. గొంతు సవరించుకొనుట.” చాలాసేపు సవరించుకున్నారు.

“జ్వరముందా సార్?”

“వాతావరణములో వేడి.”

“కిట్టు చూసుకున్నారా?”

అవతల ఆయన మళ్ళీ గొంతు సవరించుకోబోయి మానేశారు. తర్వాత, ఉద్యోగంలో చేరకముందు మాట్లాడిన భాషలో, “చూసుకున్నానమ్మా. రెండు గీతలున్నాయి. నాకు ఒకటో నంబరు పత్రం కదమ్మా, ఏం రాయను?” అన్నారు.

“రిజిస్టర్లో రాయమంటారా సార్?”

“రెండో గడి లేదు కదమ్మా.”

“ఆయ్. లేదండి” అంది శేషారత్నం. మంచినీళ్ళు ఎక్కువ తాగమనీ, ఇంట్లో ఆడవాళ్ళ చేత అవీ ఇవీ చేయించుకోకుండా తలుపేసుకుని పడుకోమనీ చెప్పి ఫోన్ పెట్టేసింది.

రిజిస్టర్ల నమూనా సవరించే అధికారం కార్యదర్శిది. ఆ రోజుకు కార్యదర్శి ఆమే. రిజిస్టరు తెరిచింది. సొరుగులోంచి చెక్క స్కేలు తీసింది. కోవిడ్ గడి పక్కన మరో గడి గీసి పైన ‘రెండవసారి’ అని రాసింది. కాసేపు ఆలోచించి దాని పక్కన ‘మూడవసారి’ గీసింది. ఆ తర్వాత పేజీ అంచు వచ్చేదాకా గీసుకుంటూ పోయింది. చివరి గడికి అంకె వెయ్యలేదు. అది ఎన్నోసారో ఎవరికి తెలుసు?

తన పేరు ఎదురుగా రెండో గడి నింపి, తేదీ వేసి, సంతకం చేసింది. తక్కినవాళ్ళ గడులు ఖాళీగా వదిలేసింది. ఎవరి జబ్బు వాళ్ళ అక్షరంతోనే రాసుకోవాలి. తన సెలవు తనే మంజూరు చేసుకోకూడదని ఆమెకు తెలుసు. అందుకని చీటీ కార్యదర్శి గారి బల్ల మీద షీల్డు కింద పెట్టింది. సర్వీసు తెగితే తెగనీ. శబ్దమైతే ముందే చేసింది కదా.

“ఎవరైనా అడిగితే?” అన్నాడు పోలయ్య తాళాలు అందుకుంటూ.

“కోవిడ్ అని చెప్పు. గట్టిగానే చెప్పు.”

సాయంత్రం ఇల్లు హడావుడిగా ఉంది. గంగాధరం ఆదివారానికని పనసపొట్టు అప్పుడే తెచ్చి బల్ల మీద పెట్టాడు. మెడకు తువ్వాలు చుట్టుకున్నాడు. మూడుసార్లు తుమ్మి, “ధూళి” అన్నాడు. లిఖిత నోరెత్తకుండా ఒక కొత్త కిట్టు తెచ్చి ఆయన ముందు పెట్టి, పక్కనే ఆయన కళ్ళజోడు పెట్టింది.

“రత్నం, ఆవాలు ఇవాళే నానబోసెయ్. అక్కావాళ్ళు పదింటికల్లా...” అని ఆగిపోయాడు. శేషారత్నం కుర్చీ వేసుకుని గోడ మీది ధ్రువపత్రం దించుతోంది.

“అదెందుకు తీస్తున్నావ్? గోడ మీద మచ్చ పడుతుంది.”

“పడనివ్వండి” అంది. మచ్చ నిజంగానే పడింది, నలుచదరంగా, తెల్లగా.

గుమ్మం అవతల వరండాలో మాణిక్యాంబ చిక్కుడుకాయల చేట పక్కన పెట్టింది. కోడలు కుర్చీ దిగడానికి గోడ పట్టుకోవడం, ఊపిరి అందక ఆగడం చూసింది.

“ఆటలమ్మ నాకు రెండుసార్లు పోసిందే” అంది, ఎవరి వైపూ చూడకుండా. “రెండోసారి మా అత్తగారు ఒప్పుకోలేదు. చెమటకాయలంది. ఒళ్ళంతా పొక్కులతో పన్నెండు మంది పెళ్ళివాళ్ళకి వండాను.”

గంగాధరం తల్లి వైపు తిరిగాడు. అరవై దాటినా ఆ సంగతి ఆయన ఎప్పుడూ వినలేదు.

శేషారత్నం మాస్కు సరిచేసుకుని, దుప్పటీ, నీళ్ళ సీసా తీసుకుని, మెట్ల దగ్గర నిలబడింది. గొంతు పెంచలేదు.

“నాకు కోవిడ్ వచ్చింది, రెండోసారి. అయిదు రోజులు మేడ మీద పడుకుంటాను, తినేదేదైనా ఉంటే గుమ్మం దగ్గర పెట్టండి. వదినగారికి ఫోన్ చేసి ఈ వారం రావద్దని చెప్పేశాను. కందిపప్పు రెండో అరలో ఉంది, ఎర్రమూత డబ్బా.”